సైబీరియా మనిషి వాళ్ళమ్మ

ఆంబ్రోస్ టల్లీ పుట్టింది టాస్మేనియాలో, అడవిలో కలప కోసేవాడి ఇంట్లో. మేము మాత్రం గుడారం మీద 'సైబీరియా మహాకాయుడు, ఎత్తు తొమ్మిది అడుగులు' అని రాయించాం. అసలు ఎత్తు ఏడడుగుల పది అంగుళాలు. మిగతాది బూట్ల మడమలూ, బొచ్చు టోపీ, నా నోరూ. గుడారం ముందు బల్లెక్కి అరిచి జనాన్ని లోపలికి పంపడం, లోపల ఆంబ్రోస్ పక్కన నిలబడి వాళ్ళను నవ్వించడం నా పని. పాతికేళ్ళు చేశాను. పశువుల ప్రదర్శనలూ తిరునాళ్ళూ ఎక్కడుంటే అక్కడికి రైలెక్కి పోయేవాళ్ళం. అబద్ధాలు చెప్పి బతికినందుకు నాకేమీ సిగ్గు లేదు, ఒక్క రోజు విషయంలో తప్ప.

మా యజమాని జెప్సన్ పెట్టిన షరతులు రెండు. టికెట్ కొనని వాళ్ళ కంట ఆంబ్రోస్ పడకూడదు. జనం ముందు ఇంగ్లిషు ముక్క మాట్లాడకూడదు. అందుకని అతను పడుకునే బండికీ గుడారానికీ మధ్య గోనెపట్టాలతో సందు కట్టేవాళ్ళం. ఏడేళ్ళుగా పగటి పూట ఆంబ్రోస్ ఏ ఊరి వీధీ చూసి ఎరగడు. అదేమిటని నేను ఒక్కనాడూ అడగలేదు.

1931లో మెకై అనే ఊళ్ళో ప్రదర్శనకు రెండు రోజుల ముందు అతని చెల్లెలు విన్నీ ఉత్తరం రాసింది. ఆమె ఆ ఊరి చెరుకు తోటల దగ్గరే కాపురం ఉంటోంది. తల్లి ఆమె దగ్గరే ఉంది. గుండె జబ్బు, ఇక రోజుల్లోనే ఉందని డాక్టరు చెప్పాడట. కొడుకును చూడాలని కలవరిస్తోందట. ఉత్తరం నేనే చదివి వినిపించాను. ఆంబ్రోస్‌కు అప్పటికే చూపు పోతోంది. పక్కలకు గంతలు కట్టిన గుర్రానికిలా, నేరుగా ఎదురున్నదే కనపడేది. పక్కలూ కిందా మసక.

"అమ్మను చూసి పదకొండేళ్ళయింది లెస్టర్. ఒకసారి వెళ్ళొస్తానని జెప్సన్‌కు చెప్పవూ?" అన్నాడు.

చెప్పాను. జెప్సన్ టీ తాగుతూ తల కూడా ఎత్తలేదు.

"శనివారం ఆట ముగిశాక పొమ్మను. ముందే ఊరంతా ఊరేగితే టికెట్ ఎవడు కొంటాడు? నీ మొహం చూడ్డానికొస్తారా?"

"ఆమె పోతుందేమో."

"ఈలోగా పోదులే. అన్నట్టు, తల్లి అంటే గుర్తొచ్చింది. గుంపులో ఒక ముసల్దాన్ని పెట్టి 'నా కొడుకా' అని ఏడిపిస్తే భలే ఉంటుంది కదూ? చూస్తాను, ఎవరైనా దొరుకుతారేమో."

దొంగ గిరాకీలను గుంపులో నిలబెట్టడం మా వృత్తిలో మామూలే. ఆంబ్రోస్‌తో "మూడు రోజులే కదరా, ఓపిక పట్టు" అన్నాను. జెప్సన్‌కు వచ్చిన ముసల్దాని ఆలోచన కూడా చెప్పాను. పట్టాడు. ఎదురు చెప్పడం అతనికి చేతకాదు. శనివారం సాయంత్రం వస్తాడని విన్నీకి కబురు పంపాను.

శుక్రవారం మధ్యాహ్నం గుడారం కిటకిటలాడుతోంది. ఆంబ్రోస్ తన ఉంగరంలోంచి రాగి పెన్నీ నాణెం దూర్చి చూపించాడు. జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. అంతలో ముందు వరసలో, అడ్డం కట్టిన తాడు పట్టుకుని, నల్ల టోపీ పెట్టుకున్న పొట్టి ముసలామె ఒకతె తలెత్తింది.

"బాబూ, నేనురా. అమ్మను."

జెప్సన్ మనిషి దొరికిందన్నమాట అనుకున్నాను. బాగా చేస్తోంది, కళ్ళలో నీళ్ళు కూడా తెప్పించుకుంది అనుకున్నాను. వెంటనే అందుకున్నాను.

"చూశారా, ఊరికో తల్లి వీడికి. పోయిన ఊళ్ళో ఇద్దరు కొట్టుకున్నారు. అవ్వా, నిజం చెప్పు, వీణ్ణి నువ్వు కన్నావా, నిన్ను వీడు కన్నాడా?"

గుడారం గుడారమంతా గొల్లున నవ్వింది. ఆంబ్రోస్ వంగాడు. జబ్బుతో సన్నబడిపోయిన ఆ గొంతు నవ్వుల హోరులో అతనికి అందలేదు. కళ్ళకు ఆమె టోపీ తప్ప ఏమీ ఆనలేదు. అతనూ జెప్సన్ ఏర్పాటే అనుకున్నాడు. మేము కల్పించిన సైబీరియా మాటలు నాలుగు గొణిగి, పిల్లలకు చేసినట్టే ఆమె తల మీద అరచెయ్యి పెట్టి, పళ్ళికిలించాడు.

ఆమె చెయ్యి తాడు మీంచి జారిపోయింది.

"పొరపాటు పడ్డాను, ఏమనుకోకండి" అని నాతో చెప్పి, జనాన్ని తప్పించుకుంటూ వెళ్ళిపోయింది. నేను చప్పట్లు కూడా కొట్టించాను.

రాత్రి మాంసం పులుసు తింటూ జెప్సన్‌ను అడిగాను. "ఆ ముసలామెను ఎక్కడ పట్టావు? ఏడుపు అదరగొట్టింది."

"ఏ ముసలామె? నేనింకా ఎవర్నీ పెట్టలేదే."

ఆంబ్రోస్ గిన్నె కింద పెట్టేశాడు.

పొద్దున్నే అతను గోనెపట్టా చింపుకుని బయటికి నడిచాడు. జెప్సన్ బూతులు తిడుతున్నా వినలేదు. నేను వెనకే పరుగెత్తాను. రెండు మైళ్ళు, చేతికర్ర మీద, వాచిన మోకాళ్ళతో. దుకాణాలు వదిలేసి మరీ ఊరంతా మా వెంట పడింది.

విన్నీ ఇల్లు అక్కడి ఇళ్ళలాగే పొడుగాటి గుంజల మీద ఉంది. ఆంబ్రోస్ పెరట్లో నిలబడితే కిటికీ సరిగ్గా అతని మొహానికి వచ్చింది. కిటికీ పక్కనే తల్లి మంచం.

"శనివారం దాకా ఉంటానో లేదో, గుడారానికి తీసుకుపొమ్మని నిన్న ప్రాణం తీసింది. నేను బయట గుర్రాన్ని పట్టుకుని నిలబడ్డాను" అని విన్నీ ఏడ్చింది.

"అమ్మా, నేను. ఆంబ్రోస్‌ను" అన్నాడతను.

ఆమె తేరిపార చూసింది. "కాదు బాబూ. నిన్న నేనూ అలాగే అనుకున్నాను. మావాడు నలుగురిలో నన్ను చూసి ఇకిలించడు."

"నాకు కళ్ళు కనపడవమ్మా. నువ్వని తెలీలేదు."

అతను కిటికీలోంచి చెయ్యి చాపాడు. ఆమె తన చెయ్యి దుప్పటి లోపలికి తీసుకుంది. నేను ఉండబట్టలేక, తప్పు నాది, నవ్వించింది నేను అన్నాను.

"నీ పని నువ్వు చేసుకున్నావు నాయనా" అని, గోడవైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం రెండింటికి పోయింది. అంతవరకూ అతను కిటికీ దగ్గరే నిలబడ్డాడు. ఆమె మళ్ళీ ఇటు తిరగలేదు.

సాయంత్రం ఆంబ్రోస్ గుడారానికి తిరిగొచ్చాడు. ఎందుకొచ్చాడో నాకు అర్థం కాలేదు. టోపీ లేదు, ఎత్తు మడమల బూట్లు లేవు. పొద్దున వీధిలో చూసినవాళ్ళందరూ టికెట్లు కొని కూర్చున్నారు. అన్ని సంవత్సరాల్లో అంత జనాన్ని నేను చూడలేదు. ఆంబ్రోస్ వేదిక ఎక్కి ఇంగ్లిషులో మొదలుపెట్టాడు.

"నా పేరు ఆంబ్రోస్ టల్లీ. మాది టాస్మేనియా. నిన్న ఇక్కడికొచ్చిన ముసలామె మా అమ్మ. నేను ఆమెను చూసి నవ్వాను. ఇవాళ చచ్చిపోయింది."

వెనకనుంచి ఎవడో, "ఒరేయ్, సైబీరియావాడు మన భాష భలే నేర్చాడ్రా" అన్నాడు. జనం పగలబడి నవ్వారు. నిన్న ఆమెను చూసి నవ్వినవాళ్ళు ఇంకా ఎక్కువ నవ్వారు.

జెప్సన్ నా చెవి దగ్గరికొచ్చాడు. "బాగా పేలింది. మిగతా ఊళ్ళలోనూ ఇదే పెడదాం."

నేను అతన్ని తోసేసి వేదిక మీదికెక్కాను. అది నిజమని, నవ్వొద్దని, గొంతు చించుకుని అరిచాను. అదీ ఆటలో భాగమే అనుకుని ఇంకా నవ్వారు.