రెండో సంతకం

అంటే ఆ రోజుతో అయిపోలేదన్నమాట. ఆరు నెలల కిందట ఇదే కోర్టు వరండాలో ఇద్దరి చేతా విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టించి, "ఇక ఇంటికెళ్ళి హాయిగా నిద్రపో" అన్నాడు లాయరు. నిద్రపొమ్మన్నాడు గాని పెళ్ళి చేసుకోమనలేదు. తనే గ్రహించుకోవలసింది. లిఫ్టు మరమ్మతు చేశాక, రెండో మనిషి వచ్చి చూసి సంతకం పెట్టేదాకా తలుపుకున్న 'వాడరాదు' బోర్డు తియ్యకూడదని కొత్త మెకానిక్కులకు నేర్పేది తనే కదా.

తను మాత్రం బోర్డు తీసేసి, మళ్ళీ పెళ్ళి చేసుకుని రెండు నెలలైంది. పొద్దున కొత్త భార్య అతని చొక్కా ఇస్త్రీ చేస్తూ, "ఇవాళ పనికి తెల్ల చొక్కా ఏంటండీ?" అంది. తనిఖీ ఉందన్నాడు.

టైపిస్టు రెండో సంతకానికి కొట్టిన కాగితం లాగి చదివింది. "'గత ఆరు నెలల్లో నేను వేరొకరిని వివాహమాడలేదని ప్రమాణం చేయుచున్నాను.' సరేనా?"

"అబ్బో, ఉంగరమే!" అంది పక్కనున్న మొదటి భార్య. "నేనున్నన్నాళ్ళూ మిషన్లో వేలు ఇరుక్కుంటుందన్నావు. ఇప్పుడు మిషన్లకు బుద్ధొచ్చిందా?"

చెయ్యి జేబులోకి పోయింది. లాయరును స్తంభం చాటుకు లాక్కెళ్ళాడు.

"మావాడొకడు... విడాకులు రాకముందే చేసేసుకున్నాడు. ఏమవుతుంది?"

"కొంప మునుగుతుంది. ఆ పెళ్ళి చెల్లదు. మొదటావిడ కేసు పెడితే జైలు. చేసుకోలేదని ప్రమాణం చేస్తే అది ఇంకో నేరం."

"మరి ఆ రెండో ఆవిడ?"

"పాపం, ఊరంతా పెళ్ళామంటుంది, కాగితం అనదు." లాయరు అతని జేబు వంక చూశాడు. గొంతు తగ్గింది. "మీవాడేనా?"

అతను బల్ల దగ్గరికి వచ్చాడు. సంతకం పెడితే గంటలో అంతా సర్దుకుంటుంది. తరవాత చాటుగా మళ్ళీ చేసుకోవచ్చు. ఎవరికి తెలుస్తుంది? కానీ లిఫ్టు తాడు ఏ రోజు తెగేదీ చెప్పి తెగదు. తెగిన రోజు లోపల ఉండేది ఆమె. ఇస్త్రీ పెట్టె పట్టుకుని, తనిఖీ అంటే నమ్మిన మనిషి.

"పెట్టు మరి, పిలుస్తారు" అంది మొదటి భార్య. ఈసారి ఆమె గొంతులో నవ్వు లేదు.

జేబులోంచి చెయ్యి తీశాడు. పెన్ను అందుకుని ఆ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టి, కాగితాన్ని మొదటి భార్య వైపు జరిపాడు.