రెండొందల పదకొండు బారలు

శౌరయ్య హద్దుకొయ్య జరిపాడని స్టేషనుకు రిపోర్టు వచ్చింది. ఇచ్చినవాడు చౌడయ్య.

హెడ్ కానిస్టేబుల్ వీరభద్రయ్య సైకిలు దిగి తీరానికి నడిచేసరికి బూట్ల నిండా ఇసుక. 1973 ఆగస్టు. నైరుతి గాలి చెవుల్లో హోరుమంటోంది. ఆయనది కంకిపాడు. గట్టు తగాదాలు చూసి చూసి జుట్టు నెరిసింది. గట్టు దానంతటది జరగదు. జరిగిందంటే జరిపినవాడు ఒకడు ఉండే ఉంటాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు.

సంగతి ఇది. కృష్ణ పాయ సముద్రంలో కలిసే మొగ నుంచి దక్షిణంగా రెండొందల బారలు కొలిచి అక్కడ ఒక తాటికొయ్య పాతుతారు. కొయ్యకు ఇవతల, మొగ వైపు, ఉత్తరప్పాలెం వాళ్లు వల లాగాలి. అవతల దక్షిణప్పాలెం వాళ్లు. ఏటా జనవరి రెండో తారీకున రెండు పాలేల పెద్దలూ కలిసి కొలుస్తారు, ఇద్దరూ చెయ్యి వేసి కొయ్య పాతుతారు. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఒంటి చెయ్యి దానిమీద పడకూడదు. పడితే ఆ మనిషి వల ఇక ఆ తీరాన దిగదు.

ఉత్తరప్పాలెం పెద్ద శౌరయ్య. అతనికి ఉన్నది పాలెమంతా కలిసి లాగి బతికే ఆ వల ఒక్కటే.

"మీ చేత్తోనే కొలవండి హెడ్డుగారూ" అన్నాడు దక్షిణప్పాలెం పెద్ద చౌడయ్య. "మా శౌరయ్య బావ మంచోడే. కొయ్యకే కాళ్లొచ్చాయేమో."

తాడు పట్టి కొలిచారు. రెండొందల పదకొండు బారలు. కొయ్య దక్షిణానికి జరిగినట్టే. పదకొండు బారల తీరం శౌరయ్య వాళ్లకు కలిసొచ్చినట్టే.

వీరభద్రయ్య శౌరయ్య వైపు తిరిగాడు. "ఏమయ్యా, నువ్వు జరిపావా?"

"లేదండి."

"బైబిలు మీద ప్రమాణం చెయ్యి."

"ఒట్టు పెట్టుకోవద్దని అందులోనే రాసుందండి."

"కావాల్సినచోట కావాల్సింది రాసుకున్నారు" అన్నాడు వీరభద్రయ్య. శౌరయ్య తలెత్తలేదు. నిర్దోషి అయితే ఈపాటికి గోల చేసి ఉండేవాడు. ఇతను కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు.

హెడ్డు తొందరపడలేదు. కొయ్యకు పురికొస చుట్టి లక్క సీలు వేశాడు. ఇసుక దిబ్బ మీది తాటిచెట్టు నుంచి కొయ్యకు ఎంత దూరమో కొలిచి నోట్‌బుక్కులో రాసుకున్నాడు. పది రోజుల్లో వస్తానని వెళ్లిపోయాడు.

వచ్చాడు. సీలు చెక్కుచెదరలేదు. తాటిచెట్టు నుంచి దూరం అంగుళం మారలేదు. మొగ నుంచి కొలిస్తే రెండొందల పదమూడు.

తాడు తడిసి కుంచించుకుపోయిందేమో అనుకున్నాడు. కరణం దగ్గర్నుంచి ఇనుప గొలుసు తెప్పించి కొలిచాడు. తేడా లేదు. తాడు పట్టినవాళ్లను అనుమానించి మార్చాడు. తేడా లేదు. చివరికి తన నోట్‌బుక్కునే అనుమానంగా చూశాడు.

పక్కన ఎండురొయ్యలు చెరుగుతున్న శౌరయ్య భార్య మార్త పకపకా నవ్వింది.

"బేడీలు సముద్రానికి వెయ్యాలి బాబుగారూ!"

"ఏం, వెటకారమా?"

ఆమె లేచి, పగిలిన పెంకు ముక్క ఒకటి నీటి అంచున పడేసింది. "చూడండి మరి."

అల నేరుగా రాలేదు. దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి పెంకును ఏటవాలుగానే ఒడ్డుమీదికి తోసింది. నీరు వెనక్కి జారేటప్పుడు మాత్రం వాలు వెంట తిన్నగా దిగింది. పెంకు పడ్డచోట లేదు, జానెడు ఉత్తరాన ఉంది. మరో అల. మరో జానెడు. వీరభద్రయ్య ఒక బీడీ కాల్చేలోగా పెంకు ఆయన్ని దాటి ఏడెనిమిది అడుగులు పోయింది.

"పెంకే ఇట్టా పోతే ఇసుకెంతండీ? సముద్రం దక్షిణాన తవ్వి, ఇక్కడ మొగ దగ్గర పోసుద్ది. ఒడ్డు నాలికలా ముందుకు సాగుద్ది. మొగ ఉత్తరానికి జరుగుద్ది. చలికాలంలో ఈశాన్యం గాలి తిరిగితే అలలు అటునుంచి వచ్చి చాలావరకు వెనక్కి తెస్తాయి. అందుకే మావాళ్లు జనవరిలోనే కొలిచేది."

అంటే జరిగింది కొయ్య కాదు. కొలత మొదలుపెట్టే చోటు.

వీరభద్రయ్యకు తేలిక పడాల్సిన మనసు ఇంకా బిగుసుకుంది.

"మరి మీ ఆయన మొదటిరోజే ఈ ముక్క ఎందుకు చెప్పలేదు?"

మార్త నవ్వు ఆగిపోయింది. మళ్లీ చేట అందుకుంది. "ఆయన్నే అడగండి."

ఇంకొకటి. చౌడయ్య ఇక్కడే పుట్టాడు. ఆగస్టులో కొలిస్తే లెక్క తప్పుతుందని అతనికి తెలియదా? తెలిసే స్టేషనుకు వచ్చాడు. ఒకడు నిజం దాస్తున్నాడు, ఒకడు అబద్ధం ఆడుతున్నాడు. ఎందుకు?

ఆదివారం ప్రార్థన అయ్యాక రెండు పాలేలూ తీరాన కూర్చున్నాయి. వీరభద్రయ్య అలల సంగతి, సీలు సంగతి చెప్పాడు.

"కొయ్య జరగలేదు. రిపోర్టు అబద్ధం. శౌరయ్య వల వేసుకోవచ్చు. చౌడయ్యా, నీమీదే కేసు పెట్టాలి. జనవరి దాకా ఎందుకు ఆగలేదు?"

చౌడయ్య శౌరయ్య వైపు చూస్తూ కూర్చున్నాడు.

శౌరయ్య లేచి నిలబడ్డాడు. "ఆగండి హెడ్డుగారూ. జూలైలో పోటుకి కొయ్య పడిపోయింది. నేనొక్కణ్ణే మళ్లీ పాతాను. అదే గుంటలో పాతాననే అనుకుంటున్నా. కానీ చేసింది ఒంటి చేత్తో."

జనంలో కలకలం రేగింది. మార్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. విడిచిపెట్టిన ముద్దాయి తిరిగొచ్చి ఒప్పుకోవడం వీరభద్రయ్య ఎన్నడూ చూడలేదు.

"తారీకు కూడా చెప్పు బావా" అన్నాడు చౌడయ్య. "జూలై తొమ్మిది, పొద్దున. నేను దిబ్బమీద వల ఆరేస్తున్నా."

"చూశావా?"

"చూశా. అదే గుంట. కానీ నెల్లాళ్లు నీ గుమ్మం ముందు తిరిగా, చెప్తావేమోనని. చేపల పులుసు పెట్టావు గానీ ఆ మాట పెట్టలేదు. స్టేషనుకి లాగితేనైనా నోరు విప్పుతావనుకున్నా."

"వల పోద్దని భయమేసింది."

"నాకు చెప్పడానికా భయం?"

దక్షిణప్పాలెం ముసలాయన ఒకడు గొంతు సవరించుకున్నాడు. "కట్టుబాటు కట్టుబాటే. ఒంటి చెయ్యి పడింది. వల తియ్యాల్సిందే."

"ఒంటి చెయ్యి ఎక్కడిది?" చౌడయ్య కసిరాడు. "నేను చూస్తూ ఊరుకున్నాగా. ఊరుకున్నవాడి చెయ్యి కూడా పడ్డట్టే. తీస్తే ఇద్దరి వలలూ తియ్యండి."

సరే, పోనివ్వమన్నట్టు ముసలాయన చెయ్యి ఊపాడు. రెండు వలలు తీస్తే రెండు పాలేలూ పస్తే.

వీరభద్రయ్యకు చౌడయ్య మాట పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు. నిజంగా చూశాడా, బావను గట్టెక్కించడానికి ఇప్పుడు కల్పించాడా? తారీకు ఎవరైనా చెప్పగలరు. అయినా కాగితం తీసి, ఫిర్యాదుదారు రిపోర్టు వెనక్కి తీసుకున్నాడని రాసి, చౌడయ్య చేత వేలిముద్ర వేయించాడు.

మధ్యాహ్నం శౌరయ్య వల నీళ్లలో దిగింది. తాడు లాగడానికి మనుషులు చాలలేదు.

"బావా, ఓ చెయ్యి వెయ్యవూ!" అని కేకేశాడు.

చౌడయ్య కొయ్యకు అవతల నడుంమీద చేతులేసుకుని నిలబడ్డాడు.

"హద్దు దాటి వస్తే రిపోర్టిస్తావేమో! ముందు హెడ్డుగారిని సైకిలెక్కనియ్యి."