దారంతో కట్టిన డెక్

గురువారం సాయంత్రం మా ఆయన వెండెల్‌తో అబద్ధమాడాను. వాళ్ళక్క బెర్నిస్‌కి ఫోన్ చేశానన్నాను. నిజానికి ఫోను ముట్టుకోనైనా లేదు.

పెరట్లో కొత్త డెక్, అంటే ఇంటి వెనక చెక్కల అరుగు, కట్టుకోవాలన్నది మా చిరకాలపు ముచ్చట. పాతది కుళ్ళిపోతే నిరుడే పీకేశాం. ఇప్పుడు వంటింటి వెనక తలుపు తీస్తే కాలు పెట్టడానికి ఏమీ ఉండదు, ముప్పై అంగుళాల కింద గడ్డి. సరస్సు ఒడ్డునున్న మా షెబాయ్‌గన్ ఊళ్ళో ఎండ కాసేదే మూడు నెలలు, ఆ మూడు నెలలూ ఇంట్లో కూర్చుంటే ఇక్కడ బతకడం దేనికి? చలి తగ్గగానే వెండెల్ వంటింటి బల్ల మీద పెద్ద కాగితం పరిచి పెన్సిలుతో గీయడం మొదలుపెట్టాడు. నేను అడిగింది ఒకటే. ముందువైపు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వెడల్పాటి మెట్లు కావాలి. వచ్చినవాళ్ళు పళ్ళేలు పట్టుకుని మెట్ల మీదే కూర్చోవాలి. పక్కనే నా పియోనీ పూల మడి.

"మెట్లు సరే, మరి అక్క ఎలా ఎక్కుతుంది?" అన్నాడు వెండెల్.

బెర్నిస్ వదిన రెండేళ్ళ కిందట మంచు మీద జారిపడింది. నడుం కింద పనిచేయదు. చక్రాల కుర్చీలోనే ఉంటుంది. మా వీధి తలుపుకీ మెట్లే కాబట్టి పోయిన ఈస్టర్‌కి వెండెల్, పక్కింటాయన కలిసి ఆవిడని కుర్చీతో సహా మోసుకొచ్చారు. పైకి చేరేదాకా వదిన కళ్ళు గట్టిగా మూసుకునే ఉంది. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా మా ఇంటికి రాలేదు.

వెండెల్ లెక్క వేశాడు. కుర్చీ ఎక్కడానికి ఏటవాలుగా కట్టే ర్యాంపు, అంగుళం ఎత్తుకి అడుగు పొడవు చొప్పున ముప్పై అడుగులు పోతుంది. అది సరిగ్గా నా పూల మడి మీద నుంచి వెళ్తుంది.

"ముందు ఆవిడ వస్తుందో రాదో కనుక్కుందాం. నేను ఫోన్ చేస్తాలే" అన్నాను.

చేయలేదు. మర్నాడు అడిగితే, "నాకోసం ఏమీ కట్టొద్దు, నేనెలాగూ రాను అంది" అని చెప్పేశాను. వదిన మాట తీరు అదే కనక వెండెల్ నమ్మేశాడు. ర్యాంపు గీతని రబ్బరుతో చెరిపి, ఆ పొట్టుని చాలాసేపు అరచేత్తో తుడుస్తూ కూర్చున్నాడు.

పూల కోసమే అబద్ధమాడానంటే మళ్ళీ ఇంకో అబద్ధమవుతుంది. ఇరవై ఏళ్ళుగా వదిన నా వంటింట్లోకి వచ్చి గిన్నెల మూతలు తీసి చూసింది. నా బంగాళదుంప సలాడ్‌కి ఏనాడూ ఒక మంచి మాట దక్కలేదు. బేకరీలో నాకు మెత్తబడిన రొట్టెలే అంటగడతారని, నా మొహం చూసే అలా చేస్తారని నలుగురిలోనూ అనేది. ఆవిడ రావడం మానేశాక నా ఆదివారాలు హాయిగా గడిచాయి. ఆ హాయి నాకు అలవాటైపోయింది.

శనివారం వెండెల్ పెరట్లో కొయ్య గూటాలు పాతి, చీలమండ ఎత్తులో నారింజరంగు దారం కట్టాడు. డెక్ ఎంత వస్తుందో అంతే కొలత. మా వైపు చాలామంది చేసేదే ఇది. కట్టకముందే దారం లోపల కుర్చీలు, బల్ల వేసుకుని ఒకపూట తింటారు. ఇరుకనిపిస్తే గూటం జరుపుతారు. వెండెల్ బొగ్గులు రాజేసి బ్రాట్‌లు కాల్చడం మొదలుపెట్టాడు. ఆ పంది సాసేజిల పొగ వీధంతా కమ్మింది.

అంతలో వీధిలో వ్యాను ఆగింది. చక్రాల కుర్చీలవాళ్ళ కోసం ఊళ్ళో తిరిగే వ్యాను.

"నేనే రమ్మన్నాను. పెరట్లో గడ్డి చదునే కదా, మొయ్యాల్సిన పనేముంది? ఎలా రాదో చూద్దామని" అన్నాడు వెండెల్, నా వైపు చూడకుండా.

వదిన ఒళ్ళో కాగితం సంచీ పెట్టుకుని, తన చేతులతోనే చక్రాలు తోసుకుంటూ ఇంటి పక్కగా వచ్చింది. వెండెల్ దారాన్ని కాలితో నేలకి అదిమాడు. వదిన కుర్చీ దాని మీదుగా లోపలికొచ్చింది.

"ఒరేయ్ తమ్ముడూ, మీ డెక్ భలే ఉందిరా! ఎక్కక్కర్లేదు, దిగక్కర్లేదు!" అని పకపకా నవ్వింది. "ఇదిగో కార్లా, బ్రాట్‌లలోకి గట్టి రొట్టెలు తెచ్చాను. నువ్వు కొన్నవి దూదిలా ఉంటాయని నాకు తెలుసుగా!"

"వచ్చీ రాగానే మొదలెట్టావా వదినా?" అన్నాను.

"మొదలెట్టక? ఏడాది బాకీ ఉన్నాను నీకు!"

వదిన కుర్చీని అక్కడే ఒక చుట్టు తిప్పింది. చక్రం దారానికి తగల్లేదు. ఇంకో చుట్టు తిప్పింది. తర్వాత పూల మడి వైపు మూలకెళ్ళి ఆగి, "ఈ మూల నాదిరా. ఇక్కడికి సరస్సు గాలి తగుల్తోంది. నా గ్లాసు ఇటు పెట్టండి" అంది.

ర్యాంపు ఎక్కడని అడగలేదు. ఉంటుందనే అనుకుంటోందని నాకు అర్థమైంది. తమ్ముడు కడుతున్న డెక్ మీదకి తనకి దారి ఉండదన్న ఊహే ఆవిడకి రాలేదు.

వెండెల్ పట్టకారు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "అక్కా, మరి ఎలాగూ రానని ఎందుకన్నావు? నీకోసం ఏమీ కట్టొద్దన్నావటగా, కార్లా ఫోన్ చేస్తే?"

వదిన నా వైపు చూసింది. నేను ఆవాల ముద్ద సీసా మూత తిప్పుతున్నాను. అది ఎప్పుడో ఊడొచ్చింది, అయినా తిప్పుతూనే ఉన్నాను. ఇక బయటపడిపోయాను, ఇప్పుడు దులిపేస్తుంది అనుకున్నాను. దులిపేసినా బాగుండేది.

"ఆఁ, అన్నాన్రా" అంది వదిన. "నా నోటి సంగతి నీకు తెలీనిదా? ఏదొస్తే అది అనేస్తాను. మీకు నచ్చినట్టు కట్టుకోండి. మెట్లే అందం."

గ్లాసు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మూలలో నుంచి కుర్చీని కొంచెం ఇవతలికి జరిపింది.

ఆ తర్వాత నన్ను ఒక్క మాట అనలేదు. నేను వడ్డించింది వడ్డించినట్టు తినేసి, పళ్ళెం అందిస్తూ, "సలాడ్ బాగుంది కార్లా" అంది.

ఇరవై ఏళ్ళలో మొదటిసారి. చనువు లేని ఇంట్లో తిన్న చుట్టం అలా అంటుంది, అని వెళ్ళిపోతుంది.

వ్యాను తిరిగొచ్చింది. వెండెల్ బొగ్గుల దగ్గర ఉన్నాడు, ఆవిడ ఎవరినీ పిలవలేదు. మెట్లు రావలసిన చోట ఆగి, ముందుకి వంగి, దారాన్ని గూటం మీంచి తప్పించి, ఎత్తి తల మీదుగా దాటించుకుంది. అవతలికి వెళ్ళాక వెనక్కి తిరిగి, దారం సడలకుండా గూటానికి సరిగ్గా తగిలించి మరీ వెళ్ళింది.

నేను వెండెల్ దగ్గరికి వెళ్ళాను. "ఆవిడ ఆ మాట అనలేదు. నేనసలు ఫోనే చేయలేదు" అన్నాను.

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "మరి అన్నానని ఎందుకంది?" అన్నాడు.

"నన్ను కాపాడ్డానికి."

వెండెల్ గడ్డిలో చక్రాల గుర్తులున్న ఆ మూలకి వెళ్ళి చూసి వచ్చాడు. జేబులోంచి ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. "ఇప్పుడు చెయ్యి" అన్నాడు.

వదిన వెంటనే ఎత్తింది. ఇంకా వ్యానులోనే ఉన్నట్టుంది.

"వదినా, నేను కార్లాని. చాలా తప్పు చేశాను. ర్యాంపు కడుతున్నాం. పూల మడి తీసేస్తున్నాను."

"ఎందుకమ్మా నీకు శ్రమ? పువ్వులు బాగున్నాయి. సలాడ్ కూడా బాగుంది." అదే మర్యాద, అదే మెత్తని గొంతు.

నాకు ఏడుపొచ్చేసింది. ఈ మర్యాదతో ఆవిడ ర్యాంపు కట్టినా రాదు. ఒకవేళ వచ్చినా అరగంట కూర్చుని, అన్నీ బాగున్నాయని చెప్పి వెళ్ళిపోతుంది.

"బాగాలేదు వదినా. నువ్వు తిన్నావుగా, నిజం చెప్పు. అందులో ఉప్పు లేదు."

అవతల వ్యాను చప్పుడు మాత్రం వినిపిస్తోంది. వెండెల్ నా మొహంలోకే చూస్తున్నాడు.

"ఉప్పుదేముంది," అంది వదిన చివరికి. "దుంపలే ఉడకలేదు."