కొబ్బరిచెట్ల మంచుకొండ

నేను ఒక కొండను. రాతిది కాదు, గుడ్డది. పైన ఒక వెదురుబొంగు, కింద ఒక వెదురుబొంగు, మధ్యలో నేను. విప్పితే మంచుకొండను, చుడితే చాపచుట్టను. కోనసీమలో కాలవగట్టు పక్కన హిమగిరి ఫోటో స్టూడియో అని ఒకటుంది. ఆ పేరు నన్ను చూసి పెట్టిందే.

నన్ను గీసినాయన నాటకాల తెరలు గీసేవాడు. దర్బారు, అడవి, శ్మశానం ఆయన చేతికి అలవాటే. మంచు మాత్రం చూడలేదు. ఎలా ఉంటుందని స్టూడియో పెద్దాయనను అడిగాడు. పెద్దాయనా చూడలేదు. కొబ్బరికోరు కుప్పపోసినట్టు ఉంటుందన్నాడు. అలాగే పోశాడు. కింద నీలం సరస్సు పెట్టాడు. అయినా బోసిగా అనిపించిందేమో, ఒడ్డున రెండు కొబ్బరిచెట్లు నిలబెట్టాడు, గెలలతో సహా. మా సీమలో నీళ్ళ పక్కన కొబ్బరిచెట్టు లేకుండా గీయడానికి ఎవరి చెయ్యీ ఒప్పదు. అది తప్పని ఇన్నేళ్ళలో ఒక్కరూ అనలేదు. పైగా ఫోటోకి వచ్చినవాళ్ళు చెట్టు వైపు నేనంటే నేనని పేచీలు పడేవాళ్ళు.

గట్టు కింద ఊళ్ళలో పెళ్ళయిన జంటలన్నీ నా ముందుకు రావలసిందే. స్టూడియోలో కోటు ఒక్కటే ఉండేది. ఎంత లావు మనిషికైనా పట్టేటట్టు వీపు నిలువునా చీల్చి ఉంచారు. ముందునుంచి దొర, వెనకనుంచి చిరుగుల బనీను. ఆ వెనక సంగతి నాకొక్కదానికే తెలుసు. దీపాల వేడికి చెమటలు కారుతుంటే మంచులో ఉన్నట్టు నిలబడేవాళ్ళు పాపం. "ఊపిరి బిగబట్టండి" అనేవాడు పెద్దాయన. పెళ్ళికూతుళ్ళు అప్పటికే బిగబట్టుకుని ఉండేవాళ్ళు.

పెద్దాయన తర్వాత కొడుకు గవర్రాజు వచ్చాడు. రెప్పపాటు కూడా పట్టని కెమెరాలు వచ్చాయి. మాట మాత్రం అదే, ఊపిరి బిగబట్టండి.

గవర్రాజు భార్య పల్లాలమ్మ. కాపరానికి వచ్చిన కొత్తలో ఆవిడ కూడా కనకాంబరాలు పెట్టుకుని నా ముందు నిలబడింది. "నీకెందుకే బొమ్మకొండ? నిజం కొండ దగ్గరే తీత్తాను" అన్నాడు. ముద్దుగానే అన్నాడు. ఆవిడ నమ్మింది. అదే చిక్కు. ఊళ్ళో అందరికీ నాతో ఫోటో ఉంది, ఫోటోలు తీసేవాడి పెళ్ళానికి తప్ప. తర్వాత ఆయన చాలాసార్లు పిలిచాడు. ఆవిడ రాలేదు. కొబ్బరిపీచు మిల్లుకు పోతూ వస్తూ నన్ను ఓరకంట చూసి పోయేది.

సెల్‌ఫోన్లు వచ్చాక నన్ను చుట్టి అటక మీద పడేశారు. వెనక కొండ కావాలంటే కంప్యూటరే పెడుతుందట. బూజు పట్టినా ఫరవాలేదు గానీ, చుట్టలో ఉన్న కొండకు కుదురు ఉండదు. కింద ఎవరు ఏం మాట్లాడినా చెవులు రిక్కించేదాన్ని.

ఈ వేసవిలో గవర్రాజు ఆ పాత మాట తీర్చుకోడానికి లడాఖ్ అన్నాడు. ఢిల్లీ దాకా రైలు, అక్కణ్ణుంచి విమానం. అన్నాడు గానీ నిలకడ లేదు. పొద్దున జూన్ అంటాడు, దారిలో మంచు ఉంటుందని. మధ్యాహ్నం సెప్టెంబరు అంటాడు, ఆకాశం తేటగా ఉంటుందని. సాయంత్రానికి చలికి కెమెరా బ్యాటరీలు చచ్చిపోతాయని దిగులు. ఒంటి వేడి తగిలేలా వాటిని రొండిన దోపుకుని తిరగాలట. పక్క కొట్టు దర్జీ ఇజ్రాయేలు పాత రగ్గు లోపల వేసి పల్లాలమ్మకు కోటు కుట్టడానికి పూనుకున్నాడు.

"దీనికి వీపుండాలి ఇజ్రాయేలూ. మీ గవర్రాజు గారి కోటులా కుడితే చలికి చత్తాను" అంది పల్లాలమ్మ.

"అక్కా, రెండు వీపులెట్టమన్నా ఎడతాను. ముందు నువ్వు కొలతలియ్యి."

మంచును కెమెరా నమ్మదట. తెల్లటిదాన్ని బూడిదరంగులో చూపిస్తుందట. ఆ తెలుపు సాధన చేయడానికి గవర్రాజు నన్ను దింపి, దులిపి, పాత మేకులకే తగిలించాడు. సంతోషించాను. వెంటనే భయం వేసింది. నిజం కొండను చూసొచ్చినవాళ్ళు నన్ను చూసి నవ్వరా? కొబ్బరిచెట్ల మాట ఏమిటి? కాలవగాలికి అల్లల్లాడుతూ అదే ఆలోచన.

అంతకంటే పెద్ద భయం తర్వాత పట్టుకుంది.

అక్కడ గాలి పలచనట, ఊపిరితిత్తులకు ముందే అలవాటు చెయ్యాలట. మా సీమ బల్లపరుపు. ఎక్కడానికి ఏటిగట్టు, ఊరి వాటర్‌ట్యాంకు తప్ప ఎత్తన్నది లేదు. గవర్రాజు తెల్లారగట్లే ట్యాంకు మెట్లెక్కి వచ్చేవాడు. వంట ముగించుకుని ఆవిడ వేరే వెళ్ళేది. మొగుడూ పెళ్ళాలు కలిసి ట్యాంకెక్కితే ఊరు నవ్విపోతుందనేది.

"పైనించి లడాఖ్ కనపడిందా అక్కా?" అనేవాడు ఇజ్రాయేలు.

"నీ మిషను కనపడింది. నిద్రపోతంది."

గవర్రాజు నవ్వుకుంటూ టీకి పోయేవాడు. అప్పుడు ఆవిడ లోపలికి వచ్చి నా ముందున్న స్టూలు మీద కూలబడేది. రెండు చేతులు మోకాళ్ళకు ఆన్చి, మెడ ముందుకు చాచి, గాలికోసం వెతుక్కునేది. ఛాతీలో పిల్లికూతలు. పీచుదుమ్ము తిన్న ఛాతీ అది. ఆవిడ ట్యాంకెక్కేది మొదటి మలుపు దాకానే అని నాకు అర్థమైంది. అక్కడ కూర్చుని, దిగి వచ్చేసేది. గవర్రాజు అడుగుల చప్పుడు వినగానే కొంగుతో ముఖం తుడుచుకుని లేచేది.

నేను చూస్తున్నాను. చెప్పలేను. కొండ ఎక్కితే ఈ మనిషి దిగుతుందా? ఆయనేమో టిక్కెట్లు తీసేశాడు. నా కింది బొంగు రోజంతా గోడకు కొట్టుకుంటూనే ఉండేది. "ఈ గాలేంటో" అని గవర్రాజు కిటికీ రెక్క వేసేవాడు. అది గాలి కాదు నాయనా.

ఒక మధ్యాహ్నం ఆయన అన్నాడు. "ఆ కోటేసుకుని ఇక్కడ నిలబడవే. ఫోటోకి కాదులే, తెలుపు చూసుకోడానికి."

ఆవిడ ఒప్పుకుంది. దీపాలు వద్దన్నాడు, కొండ మీద దీపాలుండవు కదా. కిటికీ వెలుతురే. కొండా మనిషీ రెండూ స్పష్టంగా రావాలంటే కెమెరా కన్ను చిన్నది చెయ్యాలి. కన్ను చిన్నదైతే ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. కెమెరాను ముక్కాలి స్టాండు మీద పెట్టి, అలవాటు మాట అన్నాడు.

"ఊపిరి బిగబట్టు."

తీశాడు. చూశాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ.

"కదులుతున్నావే."

"లేదండీ."

"కొండ కదల్లేదు. గెలలో కాయలు కూడా లెక్కెట్టచ్చు. నువ్వే అలుక్కుపోయావు."

"మీ కొండకేం. ఊపిరా పాడా."

అని నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. పిల్లికూతలు గదంతా వినపడ్డాయి. గవర్రాజు స్టాండు దగ్గర అలాగే నిలబడిపోయాడు. ఇన్నేళ్ళూ ఊరందరి ఊపిరీ బిగబట్టించినవాడు, ఇంట్లో ఊపిరి ఇప్పుడు విన్నాడు.

"ఎన్నాళ్ళనించే?"

"మిల్లు మానేసిన కాణ్ణించీ. అంతకు ముందునించేనేమో."

"చెప్పవేం?"

"చెప్తే ఎళ్ళం కదా."

ఆయన కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పాడు. "అక్కడ గాలి సగమే ఉంటదంటే."

"ఇక్కడ మాత్రం నాకు నిండా ఉందేంటి?"

ఆయన కోటు మడిచి బల్ల మీద పెట్టాడు. టిక్కెట్లు వెనక్కి ఇచ్చేశాడు. అమలాపురంలో డాక్టరు పీల్చే మందు ఇచ్చి, ముందు ఇది పనిచెయ్యనీ, కొండ ఎక్కడికీ పోదు అన్నాడట.

"కొండ ఎక్కడికీ పోదంట ఇజ్రాయేలూ. నేనే పోతాననుకున్నాడేమో" అంది ఆవిడ.

ఇజ్రాయేలు నవ్వలేదు. "కోటు విప్పేసి రగ్గు ఇచ్చెయ్యనా అక్కా?"

"ఉంచు."

"చిమ్మెటలు కొట్టేత్తాయి."

"కలరా ఉండలెయ్యి."

గవర్రాజు ఒకసారి మెల్లగా అడిగాడు. కిటికీ బార్లా తీసి, దీపాలన్నీ వేస్తే రెప్పపాటులో తీసేయొచ్చు, ఊపిరి బిగబట్టనక్కర్లేదు అని. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఇన్నాళ్ళు ఆగినదాన్ని. ఇప్పుడు కొబ్బరిచెట్ల కింద నిలబడతానా?"

నాకు కోపం రాలేదు.

నన్ను మళ్ళీ చుట్టలేదు. మధ్యాహ్నం కొట్టులో ఎవరూ లేనప్పుడు ఆవిడ వస్తుంది. మందు పీల్చి, కొంచెం ఆగి, నాకు వీపు పెట్టి, కెమెరా ఉండవలసిన చోటికి చూస్తూ నిలబడుతుంది. ఊపిరి బిగబట్టుకుంటుంది, నిజం కొండ ముందు నిలబడే రోజుకు సాధన చేస్తున్నట్టు. బల్ల దగ్గర పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తున్న గవర్రాజు తల ఎత్తడు. కత్తెర మాత్రం ఆగిపోతుంది.

కాలవమీది గాలి ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. నేను ఎప్పుడూ ఊగుతూనే ఉంటాను, గుడ్డను కదా. కానీ ఆవిడ ఊపిరి వదిలేదాకా నేనూ బిగబట్టుకుంటాను. ఆ కాసేపు మాత్రం కొండలా కదలకుండా ఉంటాను.