ఎవరూ నమ్మని అలసట

ఉదయం ఏడు గంటలకు ఆ ఇంట్లో ముగ్గురు మనుషులు మూడు పనుల్లో ఉన్నారు. భర్త అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. కూతురు కాలేజీ సంచి సర్దుకుంటోంది. ఇల్లాలు మంచం అంచున కూర్చుని, లేచి నిలబడమని తన ఒంటిని తానే బతిమాలుకుంటోంది. మొదటి రెండూ పనులేనని ఎవరైనా ఒప్పుకుంటారు. మూడోదాన్ని మాత్రం ఆ ఇంట్లో బద్ధకం అంటున్నారు.

"తొమ్మిది గంటలు పడుకున్నావు. ఇంకా ఏమిటా కూర్చోవడం?" అన్నాడు భర్త, అద్దంలోంచే చూస్తూ.

"లేస్తున్నానండీ. ఒళ్ళంతా బట్టలా పిండి ఆరేసినట్టుంది."

"రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయిగా! నేను చూసే లిఫ్టులకైనా ఏదో ఒక తంటా ఉంటుంది గానీ, నీ రక్తానికి ఏ వంకా లేదన్నారు. అంతా నీ మనసులోనే ఉంది. కాస్త చురుగ్గా తిరుగు, అదే పోతుంది."

అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. చెడ్డవాడు కాదు. పెళ్ళానికి జ్వరమొస్తే పక్కన కూర్చుని తడిగుడ్డ వేసే మనిషే. కానీ థర్మామీటరులోనూ, కాగితం మీదా కనబడని జబ్బు అతని దృష్టిలో జబ్బు కాదు. దయచేసి అతన్ని తిట్టుకోకండి. మనలో చాలామందిమి అంతే.

ఆమె దుస్తుల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. అక్కడ అందరికీ మాస్టరమ్మ. పొడవాటి బల్ల మీద అరవై పొరలుగా పరిచిన బట్టను కరెంటు కత్తితో ఒక్క ఊపున కోయడం ఆమె పని. కత్తి ఒక్క వెంట్రుక వాసి పక్కకు పోతే అరవై చొక్కాలూ చెత్తబుట్ట పాలు. పద్దెనిమిదేళ్ళలో ఆమె చేతిలో అలా జరగలేదు.

రెండేళ్ళ కిందట వారం రోజులు జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ అది తెచ్చిన అలసట పోలేదు. మామూలు అలసటైతే నిద్రతో తీరుతుంది. ఇది నిద్రలోంచే మొదలవుతుంది. ఒకరోజు కాస్త ఎక్కువ పని చేస్తే ఆ మర్నాడో, ఆ పైరోజో కూలబడిపోతుంది. తల దువ్వుకోవడానికి చేతులు లేవవు. పక్కింటావిడ పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఇద్దరు డాక్టర్లకు చూపించుకుంది. ఒకాయన విశ్రాంతి తీసుకోమన్నాడు, ఇంకొకాయన దిగులు మానుకోమన్నాడు. ఫ్యాక్టరీ మేనేజరు మాత్రం సూటిగానే చెప్పాడు. "ఇంకొక్క సెలవు పెడితే మిమ్మల్ని కటింగులోంచి తీసేసి దారాలు కత్తిరించే విభాగానికి పంపిస్తాను."

ఆ మాటకు ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ ఫ్యాక్టరీలో కటింగు బల్ల దగ్గరికి చేరిన మొదటి ఆడమనిషి ఆమె. ఆ కత్తే ఆమె పరువు.

అలాంటి రోజుల్లోనే ఫోనులో, ఒక వీడియోలో ఒకాయన కనిపించాడు. తెల్లకోటు వేసుకున్నాడు గానీ డాక్టరునని ఎక్కడా అనలేదు. సూటిగా ఆమె కళ్ళలోకి చూస్తున్నట్టే చూసి అన్నాడు. "మీ అలసట నిజం. మీ ఇంట్లోవాళ్ళకు అది అర్థం కాదు. నాకు అర్థమవుతుంది." ఆమె స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి విప్పుకుని ఏడ్చింది. ఆ సాయంత్రమే ఆయన అమ్మే విటమిన్ మాత్రల మొదటి సీసా తెప్పించుకుంది.

పది రోజులు ఒళ్ళు తేలికపడినట్టే అనిపించింది. పదకొండో రోజు మళ్ళీ మొదటికొచ్చింది. దానికి తోడు రెండో సీసా మొదలుపెట్టమన్నాడాయన. తర్వాత శక్తికొకటి, నరాలకొకటి, జ్ఞాపకానికొకటి. ఏదీ మానమని మాత్రం ఏనాడూ చెప్పలేదు.

ఇక్కడే ఆమె ఒక పొరపాటు చేసింది. కటింగు మాస్టరు తప్ప ఇంకొకరు చెయ్యని పొరపాటది. బట్ట కోసేటప్పుడు కుట్టు కోసం మార్జిన్ వదలాలి. కాస్త ఎక్కువ వదిలితే తర్వాత కత్తిరించుకోవచ్చు, తక్కువైతే ఆ ముక్క దేనికీ పనికిరాదు. పద్దెనిమిదేళ్ళు అన్నం పెట్టిన సూత్రం అది. దాన్నే ఆమె తన ఒంటికీ వర్తింపజేసింది. సీసా మీద ఒకటని ఉంటే రెండు మింగింది. విటమిన్లేగా, ఎక్కువైంది బయటికి పోతుందిలే అనుకుంది. ఎనిమిది నెలల్లో తొమ్మిది రకాల సీసాలయ్యాయి. బీరువా మీద పాత అట్ట నమూనాల వెనక, గుడ్డసంచిలో అవి దాక్కుని ఉండేవి. మొగుడి కంటపడితే, "లేని జబ్బుకి ఇన్ని మందులా?" అంటాడని ఆమె భయం.

కొన్నాళ్ళకు కాలివేళ్ళు మొద్దుబారాయి. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. తర్వాత చేతివేళ్ళు. మెత్తటి బట్టా గరుకు బట్టా ఒకేలా తగలసాగాయి. తెల్లకోటాయనకు రాస్తే, నరాల బలహీనత, నరాల మాత్రలు పెంచండి అని జవాబొచ్చింది. పెంచింది.

ఆ రోజు పెద్ద ఆర్డరు. సరుకు సాయంత్రానికల్లా వెళ్ళిపోవాలి. మేనేజరు గంటకోసారి వచ్చి బల్ల పక్కన నిలబడి వెళుతున్నాడు. మాస్టరమ్మ ఎడమచేతికి ఇనుప గొలుసుల తొడుగు వేసుకుని, ఆ అరచేత్తో బట్టను అదిమిపట్టి, కుడిచేత్తో కత్తిని నడిపిస్తోంది. ఎదురుగా, పొరలు పరిచే తోటి పనావిడ బట్ట కదలకుండా అవతలి అంచు పట్టుకుంది. ఆమెకు తొడుగు లేదు. కత్తికీ ఆ చేతికీ మధ్య జానెడు దూరం.

పొరలు లోపల జరిగితే మాస్టరు అరచేతికి ముందే తెలుస్తుంది. ఇప్పుడా చెయ్యి ఏమీ చెప్పడం లేదు. ఆమె కళ్ళతోనే కోస్తోంది. కళ్ళేమో అలసటతో మసకబారుతున్నాయి. చొక్కా చంక వంపు దగ్గర కత్తి తిప్పింది.

కీచుమని చప్పుడైంది. ఇనుము మీద ఇనుము. ఎదుటి ఆమె ఒక్క గెంతున వెళ్ళి స్విచ్చి ఆపింది.

"మాస్టరక్కా! చెయ్యి, చెయ్యి!"

తెల్లబట్ట మీద ఎర్రగా మరక పాకుతోంది. మాస్టరమ్మ కంగారుగా తలెత్తి అడిగింది.

"అయ్యో, ఎవరికి తగిలింది?"

ఎదుటి ఆమె ఆ చేతివైపే వేలు చూపించింది. మాస్టరమ్మ కిందికి చూసుకుంది. తొడుగు బొటనవేలి దగ్గర తెగింది. నెత్తురు తనదే.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది?"

"కత్తి జారింది సార్, అంతే," అంది పొరలు పరిచే ఆమె, అక్కను కాపాడుకోవాలని. అబద్ధం చేతికందేంత దగ్గరలో ఉంది. తలూపితే చాలు, కత్తి తనదే. మాస్టరమ్మ ఎదుటి ఆమె చేతుల వైపు చూసింది. ఇద్దరు పిల్లలకు అన్నం పెట్టే చేతులు.

"జారలేదు సార్. నా వేళ్ళకు స్పర్శ లేదు. మూడు నెలలుగా చెప్పకుండా దాచాను. నేనిక ఈ కత్తి పట్టకూడదు."

ఆమె కత్తిని అవతలికి నెట్టేసింది. అక్కడే బట్ట బస్తా మీద కూర్చుండిపోయింది.

ఆసుపత్రిలో వేలికి నాలుగు కుట్లు పడ్డాయి. కుట్లు వేసేటప్పుడు నొప్పి ఛాయే లేని ఆమె మొహం చూసి అక్కడి డాక్టరుకు అనుమానమొచ్చి, నరాల డాక్టరమ్మ దగ్గరికి పంపించాడు. భర్త పని బట్టల్లోనే వచ్చాడు, చేతికి గ్రీజు కూడా కడుక్కోలేదు.

"మందులేమైనా వాడుతున్నారా?" అడిగింది డాక్టరమ్మ.

"ఏమీ లేవండీ," అన్నాడు భర్త.

"బీరువా మీద గుడ్డసంచి ఉంది. అమ్మాయిని తెమ్మనండి," అంది భార్య, తలెత్తకుండానే.

తొమ్మిది సీసాలూ బల్లమీదికొచ్చాయి. భర్త వాటికేసి బిత్తరపోయి చూస్తుంటే, డాక్టరమ్మ కళ్ళజోడు సవరించుకుని సన్నక్షరాలన్నీ ఓపిగ్గా చదివింది. ఆరు సీసాలను పక్కకు జరిపింది.

"వీటి పేర్లే వేరు. ఆరింటిలోనూ బి6 విటమిన్ ఉంది. కొద్దిగా అయితే ఒంటికి అవసరమే. ఇంతింత మోతాదులో నెలల తరబడి మింగితే నరాలనే దెబ్బతీస్తుంది. మీరు నరాల కోసం వేసుకున్నవే మీ వేళ్ళను మొద్దుబార్చి ఉండాలి."

"ఎక్కువైతే నష్టమేముందిలే అనుకున్నానండీ. బట్టకి మార్జిన్ వదిలినట్టే..."

"మార్జిన్ ఎక్కువైతే మీరు కత్తిరిస్తారు. ఒంట్లో ఎక్కువైతే కత్తిరించేదెవరమ్మా? ఇవాళే ఇవన్నీ ఆపేయండి. స్పర్శ మెల్లగా తిరిగొస్తుందనే నా ఆశ. మొత్తం వస్తుందని మాత్రం మాటివ్వలేను."

తర్వాత అరగంటసేపు డాక్టరమ్మ ఆ జ్వరం నాటి నుంచి ఒక్కొక్కటే అడిగింది. రెండేళ్ళలో ఆమెను అంతసేపు విన్నవాళ్ళు లేరు. చివరికి భర్త వైపు తిరిగింది.

"ఇది ఎంతకీ వదలని అలసట జబ్బు, క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్‌లా ఉంది. మిగతా జబ్బులేవీ కావని ఇంకొన్ని పరీక్షలతో తేల్చుకుంటాను. దీన్ని పట్టిచ్చే రక్తపరీక్ష లేదు. మాయం చేసే మాత్రా లేదు. కూలబడకముందే ఆగడం, ఉన్న శక్తిని పొదుపుగా వాడుకోవడం, నిద్రకూ నొప్పులకూ తగిన వైద్యం చేయించుకోవడం, అంతే."

"కాస్త చురుగ్గా తిరిగితే పోతుందని నేనే..." అన్నాడతను.

"శక్తికి మించి తోస్తే ఈ జబ్బు ముదురుతుంది. ఆవిడ తోసుకుంటూనే వచ్చారు."

కూర్చుని చేసే పని, అదీ పూటకు మించకుండా ఇవ్వమని డాక్టరమ్మ ఫ్యాక్టరీకి ఉత్తరం రాసిచ్చింది. మేనేజరు ఫోనులో "చూద్దాం" అన్నాడు. చూద్దామంటే ఏమిటో ఇద్దరికీ తెలియదు.

ఆసుపత్రి వరండా బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. అతను అన్నాడు.

"నాకొక్క మాట చెప్పాల్సింది."

"రెండేళ్ళుగా రోజూ చెప్పానండీ. మీరు నమ్మలేదు. ఆ ఫోనులో ఆయన నమ్మాడు." ఆమె గొంతులో కోపం లేదు. అదే అతనికి ఎక్కువ తగిలింది. కట్టు కట్టిన ఆ చేతిని తన గ్రీజు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆమె అటు చూడనైనా లేదు. తాను పట్టుకున్నట్టు ఆమెకు తెలియలేదని గ్రహించాక, తల వంచుకుని ఏడ్చాడు.

మీ ఇంట్లోనూ ఒకరు మంచం అంచున కూర్చుని ఉండవచ్చు. రిపోర్టు అడగక ముందే వాళ్ళ మాట నమ్మండి. అలసిపోయానన్న మనిషిని అయినవాళ్ళు నమ్మకపోతే, నమ్మినట్టు నటించే ప్రతివాడూ ఆ మనిషికి వైద్యుడైపోతాడు.