జారిపోయే వెండి కళ్ళు

పుష్పలతమ్మ చేయించిన వెండి కళ్ళు ఆంజనేయస్వామి ముఖం మీద నిలవడం లేదు.

మోకాలి నొప్పి తగ్గితే కళ్ళు చేయిస్తానని ఆవిడ తిరువూరు బస్టాండు వెనక సందులో ఉన్న గుళ్ళో మొక్కుకుంది. తగ్గింది, చేయించింది. అర్చకులు శేషాచార్యులు గారు పొద్దున్నే మైనంతో అతికిస్తే మధ్యాహ్నానికి బుగ్గల మీదికి జారేవి. సాయంత్రం హారతి వేళకి స్వామి గడ్డంతో భక్తుల్ని చూస్తుండేవాడు. తన మొక్కు ఆయనకి ఇష్టం లేదేమోనని పుష్పలతమ్మకి అన్నం సయించడం లేదు.

ఆవిడ మేనకోడలు స్నిగ్ధకి మెయిన్ రోడ్డులో బ్యూటీ పార్లర్ ఉంది. ఆ పిల్ల గర్భగుడి గడప బయటే నిలబడి స్వామిని తేరిపార చూసింది.

"మీ మొక్కులో లోపం లేదత్తయ్యా. స్వామిది జిడ్డు చర్మం."

ఏళ్ళ తరబడి నూనెలో కలిపిన సింధూరం పూత మీద పూత పడింది కదా, ఇక దేన్ని నిలవనిస్తుంది? జిడ్డుని నూనెతోనే తీయాలంది స్నిగ్ధ. జిడ్డు చర్మానికి ఆముదం వంతు ఎక్కువ, పొడి చర్మానికి నువ్వుల నూనె ఎక్కువ. బ్రహ్మచారికి ఫేషియల్ ఏమిటని ఆచార్యులు గారు కోప్పడ్డారు. కాసేపటికి ఆయనే దీపం దగ్గరగా పట్టి చూసి, నుదురు జిడ్డేగానీ బుగ్గలు బీటలు వారాయి, దీన్నేమంటారని అడిగారు. మిశ్రమ చర్మమంటారని చెప్పింది. లంక కాల్చి వచ్చిన ముఖం కాబట్టి చలవకి కొబ్బరినూనె కూడా పడాలని కమిటీ పెద్ద అంకారావు గారు పట్టుబట్టారు. దాని మీద ఒక పూటంతా వాదన నడిచింది.

చివరికి బుధవారం తలుపులు దగ్గరికి వేసి మొదలుపెట్టారు. నుదుటికి ఆముదం, బుగ్గలకి నువ్వుల నూనె. స్నిగ్ధ గడప అవతల నుంచి చెబుతోంది, గుండ్రంగా, పైకి రుద్దమని ఆచార్యులు గారికి. పుష్పలతమ్మ వేడినీళ్ళలో పిండిన గుడ్డలు అందిస్తోంది. ఎర్రటి పూత కరిగి, లోపల్నుంచి నల్లబడ్డ వెండి కళ్ళ జత బయటపడింది. ఇంకా రుద్దితే ఇంకో జత.

"ఇవి మా అమ్మ చేయించినవి," అన్నారు అంకారావు గారు మెల్లగా. దొంగలెత్తుకుపోయారని ఆవిడ పోయేదాకా ఏడ్చిందట.

అడుగున రాతి ముఖం తేలింది. స్వామి చేతులు జోడించి రామధ్యానంలో ఉన్నాడు. శిల్పి ఆయన కళ్ళు మూసే చెక్కాడు.

పుష్పలతమ్మ గడప దాకా వచ్చి వంగి చూసింది. "కళ్ళు మూసుకునే నా మోకాలు చూశాడా అండీ?"

ఆచార్యులు గారు ఆవిడ చేయించిన జతని చేతిలోకి తీసుకున్నారు. మళ్ళీ అతికించమంటారా అని అడిగారు.

"ధ్యానంలో ఉన్నాయన్ని లేపినట్టవుతుంది. పెట్టకపోతే నా మొక్కు తీరదు. పాదాల దగ్గర పెట్టండి. అక్కణ్ణుంచి ఇంకెక్కడికి జారతాయి?"

తక్కిన జతల్ని కూడా తోమి వాటి పక్కనే వరసగా పెట్టారు. పుష్పలతమ్మ ఆ పూట కడుపునిండా తింది. ఇప్పుడు ఆ గుళ్ళో వంగి దణ్ణం పెట్టేవాళ్ళు కింద అన్ని కళ్ళు తమకేసే చూస్తుంటే ఉలిక్కిపడి, అడగాలనుకున్నదాంట్లో సగమే అడిగి లేచిపోతున్నారు.