రంగు పోయే దారం

పుంగనూరు బస్సు మదనపల్లెలో దిగగానే జాకెట్లు కుట్టే స్వర్ణ మెడలో కొలతల టేపు ఉందో లేదో తడిమి చూసుకునేది. కొలతలు తీసే పని లేకపోయినా, పదిహేనో ఏటి నుంచీ అది ఆమె మెడలోనే ఉండేది. సోమవారం సోమవారం కత్తిరించిన జాకెట్టు ముక్కలు సంచిలో పెట్టుకుని రెడ్డెప్ప దారాల అంగడికి వచ్చేది. మిషన్ ఎంబ్రాయిడరీకి దారం ఎంచడం ట్యూబులైటు కింద కుదిరే పని కాదు. మెరూను నల్లగా, పసుపు తెల్లగా కనిపిస్తాయి. అందుకే ఎవరైనా రీలూ గుడ్డా పట్టుకుని ఎండలోకి, అంగడి మెట్టు మీదికి వస్తారు.

ఆ మెట్టు మీద దారం ఈనాటి రంగు చూపించదు. తొడుక్కునే మనిషి ఏండ్ల తరబడి తొడిగి, ఉతికి, చెమటకు నాని పాతబడినాక ఎట్లుంటుందో అట్లా కనిపిస్తుంది. దానికెవరూ ఆశ్చర్యపోరు. తక్కువ వెలిసేది చూసుకుని తీసుకుపోతారు. ఎప్పుడైనా ఒక దారం పిసరంత కూడా పాతబడకుండా తళతళమంటే, ఆ గుడ్డ ఎవరి ఒంటి మీదికీ రాదని అర్థం. అప్పుడు రెడ్డెప్ప ఏమీ అడక్కుండా రీలు వెనక్కి తీసుకుంటాడు.

ఆ సోమవారం చెల్లెలు నీలిమ కూడా వచ్చింది. అమ్మానాన్నా పోయినాక మిగిలింది వీళ్లిద్దరే. నీలిమ గుండెలో ఒక వాల్వు చెడింది. పదిహేను రోజుల్లో బెంగళూరులో ఆపరేషను.

"కూర్చోమ్మా, కూర్చో. నిన్ను సూస్తే నాకు ఆయాసమొస్తాండాది" అని రెడ్డెప్ప స్టూలు జరిపాడు.

"అక్కా, మెడ పైదాకా పెట్టల్ల. ఆపరేషను కుట్లు సూసి ఎవురూ అయ్యో అనకూడదు. నెమిలి రంగు దారంతో కుట్టు" అంది నీలిమ స్టూలు మీద కూర్చుంటూ.

స్వర్ణ జాకెట్టు ముక్క మీద సుద్దతో గీసిన మెడగీత వెంబడి నెమలి రంగు పోగు పరిచి మెట్టు మీదికొచ్చింది. పోగు తళతళలాడింది. ఆకుపచ్చ తెచ్చింది. వంగపండు రంగు తెచ్చింది. పదకొండు రీళ్లు మార్చింది. అన్నీ కొత్తగానే ఉన్నాయి.

పక్కన నిలబడిన పెద్దమండ్యం ప్రమీల నవ్వింది. "నీ చేతికి అన్నీ గట్టి రంగులే తగుల్తాయే స్వర్ణక్కా! నాది సూడు, కందిబేడలు కడిగిన నీళ్ల మాదిరి అయిపోయె." అంటూనే లోపల స్టూలు మీది నీలిమను చూసి, నవ్వు ఆపేసి, తన రీలు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

"అప్పా, రంగు పోయేది ఏదన్నా ఉండాదా?" అని స్వర్ణ గొంతు తగ్గించి అడిగింది.

రెడ్డెప్ప అడుగు గంపలోంచి మిగిలిపోయిన ఎర్ర నూలు దారం తీశాడు. ఎవరూ కొననిది. అది మెట్టు మీద ఎండిన టమాటా తొక్క రంగుకు వెలిసిపోయింది. స్వర్ణకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

అప్పుడు చూసింది. మెడ వెనకా రెండు పక్కలా పోగులు అరిగి నూగు లేచి ఉంది. తన జాకెట్లన్నిటికీ అదే చోట అదే అరుగుడు. టేపు రాసుకునే చోటు. చెల్లెలి కొలతా తన కొలతా ఒకటే. చెల్లెలు పోతే ఈ జాకెట్టు ఎవరు తొడుక్కుంటారో వేరే చెప్పక్కరలేదు.

రెడ్డెప్ప కూడా చూశాడు. "వేరేది సూస్తామా మా?"

"వద్దప్పా. ఇదే కట్టు."

టేపు ఎవరి మెడలో ఉంటే ఆ అరుగుడు వాళ్లదే అనుకుని, బస్టాండులో ఆమె తన టేపు తీసి నీలిమ మెడలో వేసింది.

"ఇదేందక్కా?"

"ఈ పొద్దు నించి కొలతలు నువ్వే తీయల్ల. మిషన్ మీద కూడా నువ్వే."

"నాకు సూదిలోకి దారం ఎక్కించేదే రాదు. నీకేమన్నా పిచ్చా?"

"పిచ్చే. తియ్యబాకు."

పదిహేను రోజులూ నీలిమ ఆయాసపడుతూనే నేర్చుకుంది. ఆమె కుట్టిన మామిడి పిందెలు చింతకాయల్లా వంకర తిరిగాయి. ఆపరేషను గదికి తీసుకుపోయేటప్పుడు నర్సు టేపు తీసి స్వర్ణకు అందించబోయింది. స్వర్ణ చేతులు వెనక్కి తీసుకుంది. "తలగడ కింద పెట్టండమ్మా" అంది.

నీలిమ తిరిగొచ్చింది.

ఇప్పుడు పుంగనూరులో మిషన్ నీలిమది. స్వర్ణ మళ్లీ టేపు ముట్టుకోలేదు. టేపు లేకుండా ఆ పని లేదు. తెల్లవారే బస్సుకు మదనపల్లె టమాటా మార్కెట్టుకు పోయి కాయలు ఏరుతుంది. పులుపుకు వేళ్ల చివర్లు పొట్టు లేచాయి. "ఒక్క గంట కూర్చోక్కా, ఈ పువ్వు నాకు తిరగలా" అని నీలిమ పిలిస్తే, వాకిట్లోంచే "విప్పి మళ్లీ కుట్టు" అంటుంది. ఆ పువ్వు ఎక్కడ తప్పిందో ఆమెకు అక్కడి నుంచే కనిపిస్తుంది. వేళ్లు కదులుతాయి. పిడికిలి మూసుకుంటుంది.

ఆదివారం నీలిమ విడిచిన ఆ ఎర్ర దారం జాకెట్టు మాత్రం తనే ఉతుకుతుంది. బండకు కొట్టదు, పిండదు. చన్నీళ్లలో ముంచి తీస్తుంది. అయినా నీళ్లు కాస్త ఎర్రబడతాయి. మెడ వెనక తిప్పి చూస్తుంది. నూగు లేస్తోంది. మెట్టు మీద చూసినంతగా ఇంకా వెలిసిపోలేదు; అంతదాకా నీలిమకు ఏండ్లున్నాయి.

"ఎండలో ఎయ్యక్కా, బిన్నా ఆరుతాది" అని లోపలి నుంచి నీలిమ అరిచింది.

స్వర్ణ వినిపించుకోకుండా నీడలో ఆరేసింది.